ఎదుటి ట్యాంకు వెనక నుంచి

తడిగుడ్డతో నాపరాయిని తుడిచినప్పుడు ఒక వాసన వస్తుంది. తొలివానకు మట్టి ఇచ్చే వాసన కాదు. అంతకంటే చల్లగా, కాస్త సున్నం కలిసినట్టు, ముక్కులో ఒక్క క్షణం నిలిచి పోయే వాసన. ఆదివారం పొద్దున నంద్యాలలో మా ఇంటి వరండాలో బండ తుడుస్తుంటే ఆ వాసన వస్తుంది, నా చెయ్యి ఆగిపోతుంది. పదకొండు గంటలకు ఆట మొదలవ్వాలి. ట్యాంకుల యుద్ధం ఆట ఎప్పుడూ ఆడని వాళ్ళు ముగ్గురో నలుగురో వస్తారు. రాళ్ళతో గుట్టలు పేర్చాలి, సుద్దముక్కతో కాలువ గీయాలి, పాచికలు ఎక్కడ పెట్టానో వెతకాలి. ఇవేవీ చెయ్యకుండా గుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంటాను. ఆ వాసన ఉన్నంతసేపు నేను ఆళ్లగడ్డలో ఉంటాను. ఎదురుగా మిలిట్రీ ఓబులేసు ఉంటాడు. "బండ తుడిచేదానికి ఇంతసేపా పాపా?" అంటాడు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా గురించి కొంత చెప్పక తప్పదు. నేను ఫిర్యాదులు రాసే మనిషిని. వీధి దీపం వెలగకపోతే రాస్తాను. బస్సు ఆపాల్సిన చోట ఆపకపోతే రాస్తాను. జవాబు రాకపోతే, జవాబు రాలేదని మళ్ళీ రాస్తాను. రాసిన ప్రతిదానికీ నకలు దాచుకుంటాను. మనుషుల విషయంలోనూ అంతే, కాగితం మీద పెట్టకపోయినా నకలు నా దగ్గర ఉంటుంది. ఏడో తరగతిలో నేను గీసిన పటాన్ని పక్క అమ్మాయిదనుకుని మెచ్చుకుని, తప్పు తెలిశాక కూడా దిద్దుకోని టీచరమ్మ ఉంది. మా చిన్నత్త కూతురి పెళ్ళిలో నా విస్తరి ఒక్కటే దాటేసి ముందుకు పోయిన నెయ్యి గిన్నె ఉంది. ఆ గిన్నె పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను. మరిచిపోవడం పెద్దమనసు అనేవాళ్ళకు మరిచిపోలేనిదేదీ జరిగి ఉండదని నా నమ్మకం. ఇట్లాంటి నేను ఒక మనిషి మీద ఫిర్యాదు చెయ్యడానికి మెట్లు దిగి, ఆయనకు చిక్కాను.

అప్పుడు నేను ఒక విత్తనాల కంపెనీలో, నానబెట్టిన గింజల్లో ఎన్ని మొలిచాయో చూసి రాసే పనిలో ఉండేదాన్ని. ఇప్పుడూ అదే పని. కంపెనీ నన్ను ఆళ్లగడ్డ గోడౌనుకు పంపితే, ఓబులేసు గారి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. చేరిన మొదటి ఆదివారం తలస్నానం చేసి కాసేపు పడుకుందామనుకునే వేళకు కింద టకటకా శబ్దం మొదలైంది. రాతి మీద ఏవో దొర్లుతున్నాయి. వెంటనే మగవాళ్ళ కేకలు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టకటక, మళ్ళీ కేకలు. "కాల్చు, కాల్చు!" అని ఎవరో అరిచారు. గంటసేపు ఓర్చుకుని, జుట్టు ముడి వేసుకుని దిగాను.

వరండాలో ఇటుకల దిమ్మెల మీద మంచమంత నాపరాయి బండ పరిచి ఉంది. దాని మీద చిన్న చిన్న రాతి గుట్టలు, చెట్ల బదులు తుమ్మకొమ్మలు, సుద్దతో గీసిన కాలువ. అరవై దాటిన ఇంటాయన ఓబులేసు గారు, తెల్ల బనీనూ ఖాకీ నిక్కరూ వేసుకుని, మడత పెట్టిన గోతం సంచి మీద మోకాళ్ళూని, గడ్డం బండకు ఆనించి, ఒక కన్ను మూసుకుని, గుప్పెడంత రాతి ట్యాంకు వెనక నుంచి దేన్నో గురి చూస్తున్నాడు. నేను వచ్చిన అలికిడికి కదల్లేదు.

"మీ శబ్దానికి తలనొప్పి వస్తాంది సార్. కంప్లైంటు చేసేదానికి వచ్చినా," అన్నాను.

ఆయన మూసిన కన్ను తెరవకుండానే అడిగాడు. "రాసిస్తావా, నోటితో చెప్తావా?"

"రాసే ఇస్తా."

"మంచిది. కాగితం మీ పెద్దమ్మ తెస్తాది. అంతలోకి ఈడ కూచ్చో. ఈ రెండు ట్యాంకులు నీవి. ఆ గుట్ట అవతల ఆచారి ఉండాడు. ఆయప్పను కొట్టల్ల."

గుట్ట అవతల ఉన్నది నరసింహాచారి. పక్క వీధిలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కే శిల్పి. ఆ ట్యాంకులన్నీ ఆయన చేతివే. విగ్రహాలు చెక్కగా మిగిలిన నల్లరాతి ముక్కలతో ఒక జట్టు, బూడిదరంగు బలపం రాతితో మరో జట్టు. తొట్టి, గొట్టం, చక్రాల పట్టా, అన్నీ ఉంటాయి. నాకు ఇచ్చిన రెండింటిలో ఒకదానికి గొట్టం సగానికి విరిగి ఉంది. వెంటనే అడిగాను. "అందరికీ మంచివి, నాకు తునిగినదా?"

ఆచారి నవ్వాడు. "ఓబులన్నా, ఈయమ్మ ట్యాంకు మీద గూడా అర్జీ పెట్టేటట్టుంది."

"పెట్టనీ. అడిగేటోళ్ళు కావల్ల మనకు," అన్నాడాయన. మంచిది మాత్రం ఇవ్వలేదు. ఆ సంగతి నేను మరిచిపోలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం వేళకు ఆచారి ట్యాంకులు రెండూ కొట్టేశాను. ఆయన భార్య, పెద్దమ్మ, తెచ్చిన కాగితం మీద ఒక్క అక్షరం రాయలేదు.

ఆ ఆట ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. రావాలనే ఆయన అట్లా చేశాడు. ఇట్లాంటి ఆటలకు వంద పేజీల పుస్తకాలుంటాయట, సైన్యంలో ట్యాంకు నడిపేటప్పుడు ఒక అధికారి దగ్గర చూశాడట. ఆయన వాటన్నిటినీ వదిలేసి, ఒక పలక మీద రాయగలిగినంతే ఉంచుకున్నాడు. ట్యాంకు ఒక వంతుకు ఒక జాన దూరం పోతుంది. జాన కొలవడానికి ఒక వెదురుపుల్ల. గొట్టానికి ఎదుటి ట్యాంకు కనిపిస్తే రెండు పాచికలు వెయ్యొచ్చు. ముందు వైపు నుంచి కొడితే ఎనిమిది పడాలి, పక్క నుంచి ఆరు, వెనక నుంచి నాలుగు చాలు. దెబ్బ తిన్న ట్యాంకు మీద చిటికెడు పత్తి పెడతారు, అది పొగ. అంతే. రుద్రవరం నుంచి ఊరి గుడికి విగ్రహం అడగడానికి వచ్చిన ఒక రైతును ఆచారి ఒకసారి వెంటబెట్టుకొచ్చాడు. "నాకీ యుద్ధాలు తెల్దప్పా," అని ఆయన అరుగు దిగబోతుంటే, ఓబులేసు గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "సందులో బండి ఎనక్కి తిప్పింటావు గదా? ఎద్దులు మాట వినకుంటే ఎంత కష్టమో తెల్సు గదా? ఇంగ నీకు తెల్లేనిది ఏముంది?" ఆ రైతు సాయంత్రం బస్సు తప్పిపోయేదాకా ఆడాడు. విగ్రహం సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

అన్ని నియమాల్లో ఒకటి మాత్రం ఆయనదే. అట్లాంటిది నేను ఇంకెక్కడా వినలేదు. గొట్టానికి ఎదుటి ట్యాంకు కనిపిస్తోందా లేదా అనేది కాల్చేవాడు చెప్పకూడదు. దెబ్బ తినబోయేవాడు లేచి, బండ చుట్టూ తిరిగి, కాల్చేవాడి ట్యాంకు వెనకకు వచ్చి, గోతం మీద మోకాళ్ళూని చూసి, గట్టిగా చెప్పాలి. 'కనపడ్తాంది, కొట్టు' అనో, 'కనపడ్లేదు' అనో. తన ట్యాంకుకు వచ్చే చావును తన నోటితోనే ఒప్పుకోవాలి. ఇద్దరికీ కుదరకపోతే ఆయన వచ్చి చూస్తాడు, ఆయన మాటే చివరిది. మొదట్లో నాకు ఇది పిచ్చిగా తోచింది.

"ఎవరన్నా తనకు తనే నష్టం చెప్పుకుంటాడా సార్?" అని అడిగాను.

"సార్ అనొద్దు. సార్ అంటే నాకు నా ఆఫీసర్లు గుర్తొస్తారు, కాళ్ళు దగ్గరికి చేరతాయి. పెద్దనాయనా అను." తర్వాత జవాబిచ్చాడు. "నీ కాడ కూచ్చోని చూస్తే నీకు నీ గుట్టే కనపడ్తాది. వాని కాడికి పోయి మోకాళ్ళ మీద కూచ్చో. అప్పుడు చెప్పు."

ఆ మాట నన్ను మార్చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. నేను మారే రకం కాదు. కానీ నాలుగేళ్ళు ప్రతి ఆదివారం ఆ గోతం మీద మోకాళ్ళూనాను. మోకాళ్ళ మీద గోతం నేత అచ్చు పడి, మేడెక్కేటప్పుడు చిమచిమలాడేది. వేరే వాళ్ళ గొట్టం వెనక నుంచి చూస్తే నా ట్యాంకు ఎంత చిన్నదో, ఎంత విడిగా నిలబడి ఉందో తెలిసేది. గోడౌనులో ఎవరైనా మాట అంటే మేడ మీదికి పోకుండా ముందు కిందికే వచ్చేదాన్ని. పెద్దనాయన విని, "రాసినావా?" అని మాత్రం అడిగేవాడు. "సర్దుకుపో" అని ఒక్కసారీ అనలేదు. అట్లా అనని మనిషి నాకు జీవితంలో ఆయనొక్కడే.

అయినా ఆయన మీద ఫిర్యాదు రాసే రోజు వచ్చింది.

ఆ ఆదివారం నాదీ ఆచారిదీ చెరొక ట్యాంకు మిగిలింది. నాది ఆ విరిగిన గొట్టం ట్యాంకే. గుట్ట పక్కకు తెచ్చి నిలిపాను. ఆచారి ట్యాంకు వెనక భాగం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నాలుగు పడితే చాలు. పద్ధతి ప్రకారం ఆచారి వచ్చి, మోకాళ్ళూని చూసి, "కనపడ్లేదు," అన్నాడు.

"ఎట్ల కనపడదన్నా? నేను ముందే చూసుకున్యా!"

"గొట్టం సగమే ఉంది గదమ్మా. తునిగిన కాడి నుంచి చూడల్ల. ఆడి నుంచి గుట్ట అడ్డమొస్తాంది."

నేను ఒప్పుకోలేదు. పెద్దనాయన వచ్చాడు. గోతం మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వేలితో గొట్టం చివర తడిమాడు. నాకు ఓపిక పోతోంది. చివరికి లేచి, "కనపడ్లేదు. ఆచారి, నీ వంతు," అన్నాడు.

నేను అరిచాను. "మీకసలు కండ్లు కనపడ్తాండాయా?"

పెద్దమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గడపలో ఆగిపోయింది. ఆచారి తల దించుకున్నాడు. ఆ ఇద్దరి మొహాల్లో ఏదో ఉందని అప్పుడే చూశాను కానీ, అది నా మీద కోపమనుకున్నాను. పెద్దనాయన మాత్రం మామూలుగానే, "ఆడప్పా ఆచారీ," అన్నాడు. నేను మెట్లెక్కి తలుపు వేసుకున్నాను.

ఆ వారమే రెండు పేజీల ఫిర్యాదు రాశాను. బండ పటం గీశాను, గుట్ట ఎక్కడుందో, గొట్టం ఎటు తిరిగి ఉందో గీత గీసి చూపించాను. చివర ఒక వాక్యం రాశాను. 'చూపు సరిగా లేనివారు తీర్పు చెప్పడం ఆడేవారికి అన్యాయం.' వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. దాన్ని పోస్టాఫీసుకు తీసుకుపోయి, అందినట్టు సంతకం కార్డుతో సహా రిజిస్టర్ పోస్టులో పంపాను. నేను మేడ మీద, ఆయన కింద. పోస్ట్‌మన్ రెండు రోజుల తర్వాత దాన్ని తెచ్చి కింద ఇచ్చి, సంతకం పెట్టించుకుని, ఆ మర్నాడు కార్డు పైకి తెచ్చి నాకిచ్చాడు. "ఎందుకమ్మా ఈ తిరుగుడు, పిలిస్తే పలికేదానికి?" అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వునూ రాసి పెట్టుకున్నాను.

కార్డు మీద సంతకం పెట్టే గడి ఉంటుంది. పెద్దనాయన సంతకం ఆ గడిలో లేదు. పక్కకు వాలి, గీత దాటి, చిరునామా మీదికి పోయి ఉంది. దాన్ని చూసి నా ఒళ్ళు మండింది. నా కాగితానికి ఇచ్చే విలువ ఇదన్నమాట అనుకున్నాను. జవాబు కోసం నెల చూశాను. ఆదివారాలు కింద టకటకలు వినిపించేవి, నేను చెవిలో దూది పెట్టుకునేదాన్ని. ఆయన పిలుస్తాడని చూశాను. పిలవలేదు. కంపెనీ నన్ను మళ్ళీ నంద్యాలకు మార్చినప్పుడు తాళంచెవి పెద్దమ్మ చేతికిచ్చి వచ్చేశాను. ఆయన వరండాలోనే కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు వేసుకునే చప్పుడుకు తల తిప్పాడు, కానీ నా వైపు కాదు, కాస్త పక్కకు. మొహం తిప్పుకున్నాడనుకున్నాను. అదీ నకళ్ళలో చేరింది.

ఏడాది గడిచింది. ఆదివారాలు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఎవరికైనా ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే, రాసిన దాన్ని చదివి వినిపించడానికి ఎవరూ లేరని గుర్తొచ్చేది. అయినా నేను పోలేదు. పొరపాటు చేసింది ఆయన, రావాల్సింది ఆయన.

నా కళ్ళద్దాలు మార్చుకోవడానికి నంద్యాలలోనే ఒక కంటి ఆసుపత్రికి పోయాను. నా తర్వాత వచ్చిన వాళ్ళను ముందు లోపలికి పంపారు. మామూలుగానే నిలబడి అడిగాను. టోకెన్లు ఇచ్చే అమ్మాయి విసుక్కుంది. నేను గొంతు పెంచాను. ఫిర్యాదు పుస్తకం ఇవ్వమన్నాను. అప్పుడు వెనక బెంచీ మీద నుంచి వినిపించింది.

"ఆ గొంతు నాకు తెల్సు. ఈసారి ఎవరి మీద పాపా?"

పెద్దమ్మ పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా వైపు చూసి నవ్వుతున్నాడు, కానీ ఆ చూపు నా భుజం పక్కన ఎక్కడో ఆగింది. టోకెను సంగతి వదిలేసి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఏమైందని అడిగాను. కంటి నరం ఎండిపోతోందట. పక్కల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి మధ్యలో చిన్న రంధ్రమంత మిగిలిందట. పోయిన చూపు ఇక రాదట. పెద్దమ్మ ఇది చెబుతుంటే, ఆయన మధ్యలో అందుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వొక మాట అడిగినావు గదా. దానికి జవాబు ఇయ్యల్యా నేను. కనపడ్లేదు పాపా. గుట్టా గొట్టమూ రెండూ ఒకే మసక. ఆచారి చెప్పిందే చెప్పేసినా. చూడకుండా చెప్పింది తప్పే."

నా జీవితంలో నా ఫిర్యాదు నిజమని నా మొహం మీద ఒప్పుకున్న మొదటి మనిషి ఆయన. ఎన్నో ఏళ్ళుగా ఎవరో ఒకరి నోటి నుంచి వినాలని ఎదురు చూసిన మాట అది. ఆసుపత్రి వరండాలో, అంతమంది మధ్య, అది విన్నాను. గడి దాటిపోయిన సంతకం గుర్తొచ్చింది. చెప్పుల చప్పుడుకు పక్కకు తిరిగిన మొహం గుర్తొచ్చింది.

"నా ఉత్తరం?" అని పెద్దమ్మను అడిగాను.

"నన్ను చదవమన్యాడు. చదివినా. రెండుసార్లు చదివిచ్చుకున్యాడు," అంది.

ఆ చివరి వాక్యం ఆమె గొంతులో ఎట్లా పలికి ఉంటుందో నేను ఇప్పటికీ వింటూనే ఉంటాను. క్షమించండి అనే మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట నేను ఎవరికీ అన్న మనిషిని కాదు, ఎట్లా అనాలో కూడా తెలియలేదు. "వచ్చే ఆదివారం ఆట ఉందా పెద్దనాయనా?" అని అడిగాను.

"నువ్వొస్తే ఉంటాది," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కేదాన్ని. నేను లేని ఆ ఏడాదిలో ఆయన ఆడడం మానేసి, పక్కన కూర్చుని వినేవాడట. ఇప్పుడు నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆయనకు కళ్ళయ్యాను. ఏ ట్యాంకు ఎక్కడుంది, గుట్టకు ఎన్ని వేళ్ళ దూరం, గొట్టం ఎటు చూస్తోంది, అన్నీ చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. "కుడికి రెండు వేళ్ళు తిప్పు. ఆపు. ఇంగ జాన పోనీ," అనేవాడు. బండ మొత్తం ఆయన తలలో ఉండేది. ఆచారి రెండుసార్లు ఓడిపోయి, "నీకు కండ్లున్నప్పుడే నయం, నేను గెలిచేటోణ్ణి," అని గొణిగితే అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దనాయనే.

తర్వాత ఒక ఆదివారం ఆయనకూ నాకూ ఆట పడింది. ఆయన వరసగా మూడు ట్యాంకులు పోగొట్టుకున్నాడు. ఆ రోజు ఆయన మాట మెల్లగా ఉంది, పెద్దమ్మ రెండుసార్లు వచ్చి చూసి పోయింది. ఆయనకు మిగిలిన ఒక్క ట్యాంకు నా ట్యాంకు వైపు తిప్పించి, "చూడు పాపా, కనపడ్తాందా?" అన్నాడు. దెబ్బ తినబోయేదాన్ని నేను కాబట్టి చూసి చెప్పాల్సింది నేనే. ఆయన గొట్టం వెనక మోకాళ్ళూని చూశాను. మధ్యలో గుట్ట ఉంది. నా ట్యాంకు కనపడలేదు. తల ఎత్తితే పాచికలు గుప్పిట్లో పట్టుకుని ఎదురు చూస్తున్న ఆయన మొహం కనిపించింది.

"కనపడ్తాంది పెద్దనాయనా. కొట్టు," అన్నాను.

ఆయన పాచికలు వెయ్యలేదు. చెయ్యి చాపి తన గొట్టం తడిమాడు. దాని చివర నుంచి వేలిని బండ మీద తిన్నగా జరుపుతూ పోయాడు. వేలు గుట్టకు తగిలి ఆగింది.

"ఇది ఏంది?"

నేను గోతం మీద నుంచి లేచాను.

"గుట్టలో నుంచి కనపడ్తాందా నీకు?" గొంతు పెరిగింది. ఆయన గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు. "నా మీద జాలా?"

"అది కాదు పెద్దనాయనా..."

"నేను గుడ్డోణ్ణయింది ఈ పొద్దు గాదు. ట్యాంకు మూత మూస్తే డ్రైవరుకు ముందర బెత్తెడు సందు. దాంట్లో దుమ్ము తప్ప ఏం కనపడ్దు. పైన కూచున్నాయప్ప కుడికి అంటే కుడికి, ఆపు అంటే ఆపు. నా పానం ఆయప్ప గొంతులో ఉండేది. పాపం వీడు భయపడ్తాడులే అని ఒక్కసారి ఆయప్ప గుంత ఉంటే లేదని చెప్పింటే, ఈ పొద్దు నేను ఈడ ఉండేటోణ్ణా?" ఊపిరి తీసుకున్నాడు. "నేను చూడకుండా చెప్పినానని నువ్వు సంవత్సరం అలిగినావు. ఇప్పుడు నువ్వు చూసి అబద్ధం చెప్తాండావు. ఎవరిది పెద్ద తప్పు?"

చివరికి ఆచారే, "ఇంగ నువ్వే ఆయమ్మ మీద అర్జీ రాయల్ల ఓబులన్నా," అన్నాడు.

"రాస్తా. రిజిస్టర్ పోస్టులో పంపిస్తా. సంతకం గడిలో పెట్టమను," అన్నాడు పెద్దనాయన. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. పాచికలు బండ మీద పెట్టి, గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎంత వెతికినా ఆయన మీద రాయడానికి నాకు ఏమీ దొరకలేదు. నన్ను అందరి ముందూ తిట్టిన మనిషి మీద నా దగ్గర నకలు లేకపోవడం అదే మొదలు.

వచ్చే ఆదివారం పోవాలా వద్దా అని వారమంతా కొట్టుమిట్టాడి, పోయాను. బండ తుడిచి లేదు. ఆయన తన చోట కూర్చుని ఉన్నాడు. పోయిన వారం ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ట్యాంకులన్నీ ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. "నీ వంతు," అన్నాడు. నా విరిగిన గొట్టం ట్యాంకును చుట్టూ తిప్పి ఆయన ట్యాంకు వెనకకు తెచ్చాను. ఈసారి చూడాల్సింది ఆయన.

"నువ్వే చూసి చెప్పు. ఏం కనపడ్తాంది?"

మోకాళ్ళూనాను. విరిగిన చోటు నుంచే చూశాను. "నీ ట్యాంకు ఎనక భాగం మొత్తం కనపడ్తాంది పెద్దనాయనా. అడ్డం ఏం లేదు. తప్పించుకునేదానికి దారి లేదు."

"అట్ల చెప్పు," అన్నాడు. మొహం విప్పారింది. "ఎయ్యి."

తొమ్మిది పడింది. నేను పత్తి అందుకునేలోపే ఆయన చెయ్యి బండ మీద వెతుక్కుంటూ వచ్చి, పత్తి ఉండ తీసుకుని, తన ట్యాంకును తడిమి చూసుకుని, దాని మీద తనే పెట్టాడు. కాస్త పక్కకు పడింది. ఎవరూ సరిచెయ్యలేదు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. జ్వరమని తెలిసి శనివారం బయలుదేరదామనుకున్నాను, శుక్రవారం ఆచారి ఫోను వచ్చింది. దినం రోజు పెద్దమ్మ ట్యాంకుల పెట్టె, గోతం, జానపుల్ల నా చేతిలో పెట్టింది. బండ అక్కడే ఉంది. ఆమె దాని మీద మిరపకాయలు ఆరబోస్తుంది. ఆచారి విరిగిన ట్యాంకుకు బదులు కొత్తది చెక్కి ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను. నా మీద రాస్తానన్న ఫిర్యాదు పెద్దనాయన రాయలేదు. ఎవరితోనైనా రాయించి ఉంటాడేమో అని, సిగ్గు విడిచి పెద్దమ్మను అడిగాను కూడా. లేదంది. నా గురించి ఒక్క మనిషి దగ్గరైనా ఒక్క నకలైనా ఉండి ఉంటే బాగుండేది. నేను చెప్పిన ఆ అబద్ధం మీద ఆయన ఏ పటం గీసి, ఏ వాక్యంతో ముగించేవాడో చదువుకునేదాన్ని. పోస్ట్‌మన్ మా సందులోకి వచ్చిన ప్రతిసారీ ఇప్పటికీ తల ఎత్తుతాను.

నంద్యాలలో నేను వేరే బండ కొని, మా వరండాలో ఆదివారాలు ఆట పెట్టడం మొదలుపెట్టాను. కొత్తవాళ్ళే ఎక్కువ వస్తారు. పలక మీద రాయగలిగినన్ని నియమాలే ఉంచాను. పోయిన ఆదివారం రమీజా అని మా వీధిలో బట్టలు కుట్టే ఆమె వచ్చింది. మొదటిసారి. బాగా ఆడింది, చివరికి ఒక్క దెబ్బ కొడితే గెలుస్తుంది. ఎదుటి ఆటగాడు ఆమె గొట్టం వెనకకు వచ్చి చూసి కనపడలేదన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. నేను పోయి గోతం మీద మోకాళ్ళూనాను. ఈ మధ్య లేవడం కష్టంగానే ఉంటోంది. ఒక కన్ను మూసి చూశాను. వెంట్రుకవాసిలో గుట్ట అడ్డముంది.

"కొత్తదాన్ని కదక్కా. కనపడిందనుకోరాదా?" అంది రమీజా మెల్లగా.

ఆమె మొహం చూశాను. గెలవాలని ఎంత ఉందో తెలుస్తోంది. "కనపడ్లేదమ్మా," అన్నాను.

ఆమె ఓడిపోయింది. చెప్పులు వేసుకుంటూ, "మీకు కొంచెం కూడా దయ లేదక్కా," అని పోయింది. ఆ మాట నేను మరిచిపోను. ఆమె కూడా మరిచిపోకూడదని, వచ్చే ఆదివారం తన గొట్టాన్ని నా మీదికి తిప్పడానికైనా రావాలని ఉంది. అందుకే ఆమె ట్యాంకును ఉన్నచోటనే ఉంచాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అందరూ పోయాక ఒక అలవాటు ఉంది నాకు. ట్యాంకులు పెట్టెలో సర్దేటప్పుడు, విరిగిన గొట్టం దాన్ని చివరి దాకా బండ మీద ఉంచి, గోతం మీద మోకాళ్ళూని దాని వెనక నుంచి చూస్తాను. చూసింది గట్టిగానే చెబుతాను. మా పక్కింటి వాళ్ళకు అలవాటైపోయింది. "ఎడమకు కాలువ ఉంది పెద్దనాయనా. కుడికి దారి బాగుంది. ఎదురుగా గుట్ట." కాసేపు ఆగుతాను. ఆయన అడుగుతాడు, దాని అవతల ఏముంది పాపా అని. ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

"కనపడ్లేదు పెద్దనాయనా."